కారు ఏసీ గ్యాస్ ఇంటి దగ్గరే పట్టుకోవడం ఎలా: అనంతపురం ఎండల్లో నేను చేసే పద్ధతి

ఉగాది పచ్చడి తిన్న వారానికే మా అనంతపురంలో ఏసీ మెకానిక్ షెడ్ల ముందు కార్లు వరస కడతాయి. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, కూలింగ్ రావడం లేదని. షెడ్డులో చెప్పేదీ ఒకటే మాట, గ్యాస్ అయిపోయింది సార్, పట్టిద్దాం అని. బానెట్ ఎత్తకుండానే ఈ మాట అన్నవాళ్లను చూశాను. రెండు ఎండాకాలాలు నేనూ నోరు మూసుకుని డబ్బులు కట్టి వచ్చాను. మూడో ఏడు ఒళ్లు మండి గేజు, పైపు, క్యాన్ కొనుక్కుని ఇంటి ముందు కానుగ చెట్టు కింద నేనే మొదలుపెట్టాను. మొదటిసారి చెడగొట్టాను కూడా. ఆ కథ కింద వస్తుంది, అది చదవకుండా క్యాన్ కొనకండి.

ముందు ఒక్క విషయం బుర్రలోకి ఎక్కించుకోండి. ఏసీ గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు, వాడితే అరిగిపోదు. కంప్రెసర్ నొక్కుతుంది, ముందున్న కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవం అవుతుంది, డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరై కారులో వేడిని పీల్చుకుంటుంది, తిరిగి కంప్రెసర్‌కు వస్తుంది. అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో బయటికి పోయిందని అర్థం. రబ్బరు పైపుల గుండా, జాయింట్లలో ఉండే రబ్బరు ఓ-రింగుల పక్కనుంచి నాలుగైదేళ్లలో కొద్దిగా పోవడం మామూలే, దానికి ఇంట్లో టాప్-అప్ సరిపోతుంది. పోయిన ఏప్రిల్‌లో పట్టించిన గ్యాస్ ఈ ఏప్రిల్‌కు లేదంటే మాత్రం అది లీకు. లీకు మూయకుండా మళ్లీ నింపడం చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

కొన్ని కార్లు అసలు ముట్టుకోకూడదు. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో ఏసీ కంప్రెసర్ నేరుగా పెద్ద బ్యాటరీ వోల్టేజీ మీద నడుస్తుంది, దాన్లో ఆయిల్ కూడా వేరే రకం, ఇంట్లో చేసే పని కాదు. ఇంకొన్ని కొత్త కార్లలో ఆర్1234వైఎఫ్ అనే గ్యాస్ ఉంటుంది, అది కొంచెం మండే గుణం ఉన్నది, దాని వాల్వు కూడా వేరే. మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువ వాటిలో ఉండేది ఆర్134ఏ. ఇది చెప్తున్నదంతా దానికే. అనుమానం అక్కర్లేదు, బానెట్ తెరిస్తే లోపలి రేకు మీదనో రేడియేటర్ పైపట్టీ మీదనో ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది, గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు పట్టాలో దాని మీదే ఉంటుంది. చిన్న కార్లకు 300 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటుంది చాలావరకు. ఆ అంకెను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే కారు మాన్యువల్ వెతకండి, అదీ లేదంటే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి, ఊహించి మాత్రం పట్టొద్దు.

గ్యాస్ జోలికి పోయేముందు చూడాల్సినవి

నా అనుభవంలో కూలింగ్ లేదన్న కార్లలో సగం వాటికి గ్యాస్‌తో పని లేదు. పక్కింటి మామ కారుకు గ్యాస్ పూర్తిగా పోయిందని షెడ్డులో చెప్తే, ఆయన దిగాలుగా నా దగ్గరికి వచ్చాడు. గ్లవ్ బాక్స్ విప్పి ఏసీ ఫిల్టర్ బయటికి లాగితే అట్టముక్క లాగా ఎర్రమట్టి పట్టి ఉంది. దులిపితే అరచేతిలో మట్టి కుప్ప. కొత్తది వేసి, కండెన్సర్ కడిగితే అంతే, ఆ సాయంత్రం తాడిపత్రి పోయి వచ్చి, చలేసింది అబ్బీ అన్నాడు.

కాబట్టి వరసగా ఇలా చూడండి. ఫిల్టర్ మొదట. కొన్ని తక్కువ ధర మోడళ్లలో కంపెనీ ఫిల్టరే పెట్టదు, ఖాళీ గూడు మాత్రం ఉంటుంది, అలాంటి కార్లలో దుమ్మంతా నేరుగా కూలింగ్ కాయిల్ మీదికి పోయి అతుక్కుంటుంది. అది కడగడం వేరే తలనొప్పి, డ్యాష్‌బోర్డు విప్పాల్సి రావచ్చు.

తర్వాత కండెన్సర్. ముందు గ్రిల్ సందుల్లోంచి టార్చి వేసి చూస్తే రేడియేటర్‌కు ముందు జాలీ లాగా కనిపించేది అదే. మన జిల్లాల్లో దాని గతి చూడాలి. ఎర్రమట్టి, చచ్చిన పురుగులు, వేరుశనగ పొట్టు, గుడ్డపీలికలు. ఎర్రగుంట్ల వైపు తిరిగే కార్లకైతే సిమెంటు దుమ్ము కూడా, దాని మీద వాన చినుకు పడితే గట్టిపడి కూర్చుంటుంది. ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో, ఒత్తిడి లేకుండా, నిదానంగా నీళ్లు పట్టండి. వాటర్ వాష్‌లో కొట్టే ప్రెజర్ గన్ దగ్గరగా పెట్టారంటే ఆ సన్న రేకులు మడతపడిపోయి గాలి దూరే దారే ఉండదు.

ఫ్యాన్ చూడండి. ఏసీ వేసిన కాసేపటికి ముందు ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజో రిలేనో మోటారో పోయింది, అది గ్యాస్ పోయినట్టే అనిపిస్తుంది. గుర్తు పట్టడానికి ఒక తేలిక మాట చెప్తాను: హైవే మీద 80లో పోతుంటే చల్లగా ఉండి, సప్తగిరి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుంటే తప్పు ఫ్యాన్‌ది లేదా కండెన్సర్‌ది. ఎక్కడైనా ఒకటే లాగా అరకొరగా చల్లబడుతుంటే అప్పుడు గ్యాస్ మీద అనుమానం పెట్టండి. మొదటి అరగంట బాగా చల్లగా వచ్చి, ఆ తర్వాత గాలి జోరే తగ్గిపోతే లోపల కాయిల్ మీద మంచు కడుతోంది, దానికి కారణాలు వేరే. ఒకవైపు చల్లగా ఇంకోవైపు వేడిగా వస్తుంటే హీటర్ తలుపు సరిగ్గా మూసుకోవడం లేదేమో చూడాలి.

మెకానిక్‌లు చేసే ఒక పాత చిట్కా ఉంది, నాకు చాలా ఇష్టం. ఏసీ నడుస్తుండగా కండెన్సర్ మీద ఒక చెంబెడు నీళ్లు చల్లండి (ఫ్యాన్ రెక్కల దగ్గర చెయ్యి పెట్టకుండా, దూరం నుంచి). లోపల కూలింగ్ గబుక్కున పెరిగిందా, మీ గ్యాస్ బానే ఉన్నట్టు లెక్క, వేడి బయటికి పోవడం లేదంతే.

ఇక కంప్రెసర్. పాత రకం కార్లలో ఏసీ బటన్ నొక్కగానే టక్‌మని కంప్రెసర్‌ను బెల్టుకు కలిపే క్లచ్ పట్టుకునే శబ్దం వస్తుంది. పట్టుకోవడం, రెండు మూడు సెకన్లకే వదిలేయడం, మళ్లీ పట్టుకోవడం, ఇలా కొట్టుకుంటుంటే గ్యాస్ తక్కువైందనడానికి మంచి గుర్తు. అసలు పట్టుకోనే పట్టుకోకపోతే గ్యాస్ బాగా పోయి ప్రెజర్ స్విచ్ (ఒత్తిడి మరీ తగ్గినా, మరీ పెరిగినా కంప్రెసర్‌ను ఆపేసేది) అడ్డుపడి ఉండొచ్చు, లేదా కరెంటు తేడా. కొన్ని కొత్త కంప్రెసర్లకు ఈ క్లచ్ ఉండదు, శబ్దం రాదు, కంగారు పడొద్దు.

ఇంకొక అపోహ. వైజాగ్‌లో ఉండే మా బావమరిది ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు, కారు కింద నీళ్లు కారడం లేదు బావా, నీ ఏసీ పని చేయడం లేదని తేల్చేశాడు. సముద్రం పక్కన గాలిలో తేమ ఉంటుంది, అది కాయిల్ మీద నీరై కారుతుంది. అనంతపురంలో ఏప్రిల్ గాలిలో తేమ ఎక్కడిది, ఉతికిన బట్టలు గంటలో ఎండే ఊరు ఇది. నాలుగు చుక్కలు కారితే గొప్ప. దాన్ని చూసి గ్యాస్ పట్టొద్దు.

కావాల్సిన సామాను

ఆర్134ఏ క్యాన్ (మన దగ్గర ఎక్కువగా 450 గ్రాములది దొరుకుతుంది), క్యాన్‌కు బిగించే ట్యాప్, గేజు ఉన్న ఛార్జింగ్ పైపు, దాని చివర లో సైడ్ కప్లర్ (కారు ఏసీలో ఒత్తిడి తక్కువుండే పైపు వాల్వుకు తగిలించే కొస). కళ్లకు పక్కల కూడా మూసుకునే కళ్లద్దాలు, దళసరి గ్లౌజులు. వంటింట్లో పిండి తూచే డిజిటల్ కాటా. ఒక చిన్న థర్మామీటర్, జ్వరానికి పెట్టేది కాదు, గాలి వేడి చూపించేది. సబ్బు నీళ్లు, ఒక పాత గుడ్డ.

క్యాన్ ఎక్కడ కొంటున్నారో చూసుకోండి. ఫ్రిజ్, ఏసీ స్పేర్ పార్టులు అమ్మే తెలిసిన షాపులో, సీలు, బ్యాచ్ నంబరు సరిగ్గా ఉన్నది తీసుకోండి. చవగ్గా వస్తోందని పేరు లేని డబ్బా కొనొద్దు. ఇది ఊరికే భయపెట్టడం కాదు, 2011లో ఓడల మీద వాడే ఫ్రిజ్ కంటైనర్లలో ఆర్134ఏ పేరుతో నకిలీ గ్యాస్ పట్టారు, దాన్లో ఆర్40 అనే వేరే గ్యాస్ కలిసి ఉంది, అది అల్యూమినియంతో కలిస్తే గాలి తగిలితే భగ్గుమనే పదార్థం తయారవుతుంది. వియత్నాంలో, బ్రెజిల్‌లో ఆ కంటైనర్లు పేలి పని చేసేవాళ్లు చనిపోయారు. కారు ఏసీలో కూడా ఉండేది అల్యూమినియమే. అలాగే వంట గ్యాస్ పట్టినా చల్లబడుతుందని ఎవరో ఒకరు చెప్తారు మీకు. చల్లబడే మాట నిజమే, లీకైతే మీరు కూర్చున్న డబ్బాలోకే మండే గ్యాస్ వస్తుందన్నదీ నిజమే. ఆ మాట చెప్పినవాడి కారు ఎక్కొద్దు.

లీక్ స్టాప్ అని ఒక మందు కలిపిన క్యాన్లు కూడా ఉంటాయి. నేను వాడను. ఆ జిగురు రేపు షెడ్డులో గ్యాస్ తీసే మిషన్‌లో అడ్డం పడితే వాళ్లు మీ కారునే ముట్టుకోరు.

పని మొదలు

పొద్దున్నే, ఆరూ ఆరున్నరకు, నీడలో, గాలి ఆడేచోట మొదలుపెట్టండి. మూసిన షెడ్డులో వద్దు, ఇంజిన్ పొగ ఉంటుంది, గ్యాస్ కారినా గాలి కంటే బరువు కాబట్టి నేల మీదే పేరుకుంటుంది. దగ్గర్లో బీడీ, పొయ్యి, అగరుబత్తి ఏదీ ఉండకూడదు, నిప్పు తగిలితే ఈ గ్యాస్ విషపు ఆవిరిగా మారుతుంది. హ్యాండ్ బ్రేక్ వేయండి, గేరు న్యూట్రల్. చేతికి కట్టుకున్న తాడు, మెడలో గొలుసు, వదులు చొక్కా, ఇవి బెల్టు దగ్గరికి పోకుండా చూసుకోండి. మేమైతే టవల్ కూడా భుజం మీద ఉంచం.

లో సైడ్ వాల్వు వెతకండి. రెండు అల్యూమినియం పైపులు ఉంటాయి, లావుది కూలింగ్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కు వచ్చేది, అదే లో సైడ్. సన్నది హై సైడ్. ప్లాస్టిక్ మూతల మీద ఇంగ్లీషులో ఎల్, హెచ్ అక్షరాలు ఉంటాయి. మీరు కొన్న కప్లర్ లో సైడ్‌కు మాత్రమే పడుతుంది, రెండింటి సైజులు కావాలనే వేరుగా పెట్టారు. పట్టకపోతే సుత్తి తీసుకోకండి, మీరు తప్పు పైపు దగ్గర ఉన్నారు. హై సైడ్‌లో ఏసీ నడిచేటప్పుడు ఎండ పూట 250 పీఎస్ఐ దాటుతుంది, క్యాన్ అక్కడ తగిలిస్తే గ్యాస్ కారులోకి పోదు, కారులోదే క్యాన్‌లోకి వచ్చి డబ్బా పగిలిపోతుంది. ఈ మొత్తం పనిలో ప్రాణం మీదికి వచ్చే తప్పు ఇదే.

మూత తీసేముందు చుట్టూ గుడ్డతో శుభ్రంగా తుడవండి. మన మట్టి రేణువు ఒక్కటి వాల్వులో పడిందంటే ఆ వాల్వే రేపటి లీకు. మూత తీశాక అక్కడ జిడ్డుగా నూనె కనిపిస్తే, లేదా మూత అసలు లేకుండా ఉంటే, మీ గ్యాస్ ఎటు పోయిందో జవాబు దొరికినట్టే. కాస్త సబ్బు నీళ్లు వేసి బుడగలు వస్తాయేమో చూడండి.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా గేజు తగిలించి అంకె చూడండి. రాత్రంతా నిలబడిన కారు కాబట్టి అంతా ఒకే వేడిలో ఉంటుంది. ఇక్కడ చాలామంది బోర్లా పడతారు. 30 డిగ్రీల పొద్దున గేజు 95 చూపిస్తే, ఓహో నిండుగా ఉందనుకుంటారు. కాదు. లోపల ద్రవం కొంచెం మిగిలి ఉన్నా, పూర్తిగా ఉన్నా అంకె ఒకటే, అది వేడిని బట్టి మారుతుంది కానీ ఎంత ఉందన్నదాన్ని బట్టి కాదు. వంటింట్లో సిలిండర్ చివరి రోజు దాకా మంట అదే జోరు మీద ఉండి చటుక్కున ఆరిపోవడం లేదూ, అలాగ. 25 డిగ్రీలకు 80 పైచిలుకు, 30కి 95 దగ్గర, 35కి 115 దగ్గర, 40కి 130 పైచిలుకు, ఇవి ఆర్134ఏ లెక్కలు. మీ అంకె వీటికి దగ్గరగా ఉంటే లోపల కొంత సరుకు ఉంది, ముందుకు పోవచ్చు. దీనికంటే బాగా తక్కువ, 30 డిగ్రీలకు 50 అలా ఉంటే లోపల ద్రవం చుక్క కూడా లేదు, ఉత్త ఆవిరే. సున్నా ఉంటే గాలి, తేమ కూడా దూరి ఉంటాయి. ఈ రెండు సందర్భాల్లోనూ ఇంటి పని ఆపేయండి. ముందు లీకు మూసి, వ్యాక్యూమ్ పంపుతో అరగంటకు తగ్గకుండా లోపలి గాలి, తేమ లాగేసి, ఆ తర్వాత తూచి పట్టాలి, అది షెడ్డు పని. చెప్పిన దానికంటే బాగా ఎక్కువ చూపిస్తే లోపల గాలి గానీ వేరే గ్యాస్ గానీ కలిసింది, అదీ షెడ్డుకే.

సరే, అంకె బాగుంది. కప్లర్ తీసేయండి. ట్యాప్‌లోని సూదిని ఎడమవైపు తిప్పి పూర్తిగా పైకి లాగండి, అప్పుడే క్యాన్‌కు బిగించండి, పైపు తగిలించండి. సూది కిందికి ఉండగా బిగిస్తే బిగుస్తుండగానే చిల్లు పడి గ్యాస్ మొహం మీదికి వస్తుంది. కళ్లద్దాలు ఇప్పటికే పెట్టుకుని ఉండాలి, ఈ గ్యాస్ గాలిలోకి రాగానే సున్నాకు 26 డిగ్రీల కింద మరుగుతుంది, కంట్లో పడితే కన్ను, వేలి మీద పడితే చర్మం గడ్డకడతాయి. బిగించాక సూదిని కుడివైపు చివరిదాకా తిప్పితే క్యాన్‌కు చిల్లు పడుతుంది, మళ్లీ ఎడమకు తిప్పితే గ్యాస్ పైపులోకి వస్తుంది. పైపులో అంతకుముందున్న గాలి కారులోకి పోకూడదు కదా, కప్లర్ దగ్గర మర కొంచెం వదులు చేసి ఒక్క సెకను తుస్సుమనిపించి బిగించేయండి. ఒక్క సెకనే. ఈ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కంటే 1400 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది, ఉన్న ఎండలు మనకు చాలు. ట్యాప్ మూసి, కప్లర్ లో సైడ్‌కు టక్‌మనేలా తగిలించండి.

క్యాన్‌ను కాటా మీద నిలువుగా పెట్టి, పైపు దాన్ని లాగకుండా ఎక్కడైనా తగిలించి, బరువు రాసుకోండి. ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్. నాలుగు తలుపులూ తీసి, ఏసీ పూర్తి చల్లదనానికి, బ్లోయర్ చివరి నంబరుకు పెట్టండి. లోపల ఒకరిని కూర్చోబెట్టి రేస్ కొంచెం పట్టమనండి, ఆర్‌పీఎం 1500 దగ్గర నిలవాలి. మా ఇంట్లో ఈ ఉద్యోగం మా తమ్ముడిది, వాడు ఫోన్ చూసుకుంటూ 3000 దాకా తొక్కుతాడు, వాడి ఫోన్ ముందే లాక్కోవాల్సి వస్తుంది. మధ్య గాలి కన్నంలో థర్మామీటర్ గుచ్చండి.

ట్యాప్ తెరవండి, ఏడెనిమిది సెకన్లు, మూసేయండి. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. గేజు చూడండి, థర్మామీటర్ చూడండి, కాటా చూడండి. మళ్లీ తెరవండి. ట్యాప్ తెరిచి ఉన్నప్పుడు గేజు క్యాన్ ఒత్తిడి కూడా కలిపి చూపిస్తుంది, మూసి ఉన్నప్పటి అంకే నిజం. క్యాన్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. త్వరగా పోతుందని బోర్లించేవాళ్లను చూశాను, అలా చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోతుంది, కంప్రెసర్ ఆవిరిని నొక్కగలదు కానీ ద్రవాన్ని నొక్కలేదు, లోపల వాల్వులు విరిగిపోతాయి.

కాసేపటికి క్యాన్ చేతికి తగలనంత చల్లబడి గ్యాస్ రావడం మందగిస్తుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టండి. మే నెలలో మధ్యాహ్నం మీద చేస్తుంటే నీళ్లు కాచే శ్రమ కూడా లేదు, మిద్దె మీది ట్యాంకు కుళాయి తిప్పితే చాలు. పొయ్యి మీద, ఎండలో రేకు మీద, లైటరుతో వేడి చేయడం లాంటివి వద్దే వద్దు, క్యాన్‌ను 50 డిగ్రీలు దాటనివ్వకూడదు.

ఎప్పుడు ఆపాలి? అసలు విద్య ఇదే. బయట 35 డిగ్రీలు ఉంటే లో సైడ్ 35 నుంచి 45 పీఎస్ఐ మధ్యకు వస్తుంది, 40 దాటిన ఎండలో 50 దాకా రావచ్చు. కానీ గేజు మీది ఆకుపచ్చ గీత చూసి దాని చివరిదాకా నింపొద్దు, ఆ గీతకు మన ఎండ సంగతి తెలియదు. నేను గాలి చల్లదనాన్ని చూస్తాను. గ్యాస్ పడుతున్నకొద్దీ థర్మామీటర్ దిగుతూ వస్తుంది, ఒక చోట దిగడం ఆగిపోతుంది. అక్కడ ఆపండి. ఇంకో పది సెకన్లు వేద్దామనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది, వేయకండి. చిన్న కారుకు మొత్తం మీద 100 గ్రాములు పోశాక కూడా సరిగ్గా చల్లబడలేదంటే జబ్బు వేరే. గేజు పెరుగుతోంది, గాలి మాత్రం చల్లబడడం లేదంటే ఆ క్షణమే మూసేయండి, కంప్రెసర్ సరిగ్గా నొక్కడం లేదో, కండెన్సర్ వేడి వదలడం లేదో. గేజు సున్నా కిందికి పోతుంటే లోపల ఎక్కడో అడ్డం పడింది, అదీ గ్యాస్‌తో తీరేది కాదు.

ఇప్పుడు నా కథ. మొదటిసారి కాటా లేదు, థర్మామీటర్ లేదు, డబ్బా కొన్నాం కదా అని మొత్తం ఖాళీ చేశాను. తెల్లవారుజామున చేశాను కాబట్టి చల్లగా, హాయిగా ఉంది, కాలరెగరేశాను. ఆ మధ్యాహ్నం కర్నూలు నుంచి పిల్లలతో తిరిగొస్తుంటే డోన్ దాటాక కూలింగ్ పోయింది, కాసేపటికి వచ్చింది, మళ్లీ పోయింది. ఎండ పెరిగేకొద్దీ హై సైడ్ ఒత్తిడి పెరిగి, స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తోందన్నమాట. ఆ స్విచ్ ఉండబట్టి బతికిపోయాను. ప్యాపిలి నుంచి అద్దాలు దించుకుని, 42 డిగ్రీల వడగాలి మొహాన కొడుతుంటే, గుత్తి కోట కనబడ్డాక ఆగి నిమ్మసోడాలు తాగి, పిల్లల చేత, ఇంట్లోవాళ్ల చేత అనిపించుకోవాల్సినవన్నీ అనిపించుకున్నాను. తర్వాత మిషన్ ఉన్న షెడ్డులో గ్యాస్ బయటికి తీయిస్తే, 380 గ్రాములు ఉండాల్సిన కారులోంచి 560 వచ్చింది.  ఆ మెకానిక్ నవ్వలేదు పాపం, తక్కువున్నా నడుస్తుంది సార్, ఎక్కువైతేనే కష్టం అన్నాడు. అప్పటి నుంచి కాటా లేకుండా క్యాన్ ముట్టుకోలేదు.

ఒక నిజం ఒప్పుకోవాలి. లోపల ఇప్పుడు ఎంత ఉందో తెలియకుండా పైన కొంచెం పోయడమే ఇంటి టాప్-అప్. గ్రాము లెక్కన సరిగ్గా కావాలంటే పాతదంతా తీసి, వ్యాక్యూమ్ చేసి, స్టిక్కర్ మీద ఉన్నంత తూచి పట్టడం ఒక్కటే దారి. మిషన్ పెట్టుకుని అలా చేసే షెడ్డు మీ ఊళ్లో ఉంటే, వాళ్లు అడిగిన డబ్బు న్యాయమే.

ముగించేటప్పుడు మొదట ట్యాప్ మూయండి, కప్లర్ రింగు వెనక్కి లాగి ఒక్క ఊపున తీసేయండి, కాస్త తుస్సుమంటుంది, వేళ్లు దూరంగా. వాల్వు మీద ఒక చుక్క సబ్బు నీళ్లు వేసి బుడగలు లేవని చూసుకుని, తుడిచి, మూత బిగించండి. ఆ మూత చిన్నదని పారేయకండి, దుమ్ముకు అడ్డం అదే. ఇంజిన్ ఆపండి.

పరీక్ష మాత్రం పొద్దున కాదు, అదే రోజు మధ్యాహ్నం రెండు గంటలకు చేయండి. కారు ఎండలో నిలబడి ఉంటే ముందు అద్దాలు దించి రెండు నిమిషాలు వేడి బయటికి పోనివ్వండి, తర్వాత అద్దాలు ఎక్కించి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, ఒక పావుగంట నడపండి. కన్నంలో గాలి బయటి ఎండ కంటే 20 డిగ్రీలకు పైగా తక్కువ ఉంటే నేను సంతోషిస్తాను. 42 ఎండలో 6 డిగ్రీల గాలి రావాలని కూర్చోకండి, చిన్న కంప్రెసర్‌కు అది అయ్యే పని కాదు. కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుందేమో కూడా ఈ పావుగంటలోనే చెవి పెట్టి వినండి.

క్యాన్‌లో గ్యాస్ మిగిలితే ట్యాప్ విప్పకండి, విప్పితే ఆ చిల్లులోంచి మిగిలిందంతా పోతుంది. ట్యాప్‌తో సహా ఇంట్లో నీడలో, పిల్లలకు అందకుండా నిలబెట్టండి. డిక్కీలో మరిచిపోయారంటే మన మే నెలకు అది బాంబే. చివరగా, బానెట్ లోపలి వైపు ఒక టేపు ముక్క అంటించి తేదీ, ఎన్ని గ్రాములు పోశారో, ఆ రోజు బయటి వేడి, కన్నం వేడి పెన్నుతో రాయండి. నా బానెట్ కింద ఇప్పుడు అలాంటివి రెండు ముక్కలు ఉన్నాయి, రెండింటి మధ్య నాలుగేళ్లు. మీ రెండో ముక్క ఆరు నెలలకే అంటించాల్సి వస్తే క్యాన్ లోపల పెట్టేసి, సబ్బు నీళ్ల గిన్నె తీసుకుని పైపు జాయింట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ రండి, నూనె మరక మీద దుమ్ము పేరుకుని నల్లగా ఉన్నచోట మొదలుపెట్టండి.